లప్పం

కొర్లగుంటలో ఒక అడ్డవీధి. నీలం గేటు.
"మిద్దెక్కితే కొండ కనపడతాది,
దానికే రెండు లక్షలు ఎక్కువ"
అన్నాడు బ్రోకరు చెంగల్రాయుడు.
కొండను గూడా అంకణాల లెక్కన అమ్మే ఊరు మాది.

నేను మిద్దెక్కలేదు.
ఇరవయ్యారేండ్లుగా గోడలకు రంగులేసే మనిషిని,
ఏ ఇంట్లోకైనా ముందు నా ముక్కు పోతాది,
వెనకాలే వేళ్ళు,
కండ్లు ఆఖర్న.
కొత్త రంగు వాసన కొట్టిందంటే
ఆడ ఏదో నిద్రపుచ్చినారని లెక్క.

నా పెండ్లాం రాజమణి కొళాయి తిప్పి చూసి
పక్కింటామెను ప్రహరీ మీంచే అడిగింది,
నీళ్ళు ఎన్నాళ్ళకొకసారని.
"దినం మార్చి దినం. ఎండాకాలం సంగతి అడగొద్దుమా."
పిల్లోడు జోబీలోంచి గోళీ తీసి
హాలు నడిమధ్యన పెట్టినాడు.
అది కాసేపు ఆలోచన చేసి
ఈశాన్యం మూలకు దొర్లుకుంటా పోయింది.
"చూసినారా, గోళీకి గూడా వాస్తు తెలుసు!"
చెంగల్రాయుడి నవ్వు.

రూపాయి బిళ్ళతో గోడ తట్టుకుంటా పోయినా.
టక్. టక్. టక్.
వంటింటి వాకిలి పక్కన
డొబ్.

చెయ్యి ఆన్నే నిలబడిపోయింది.

గేటు మారింది, గచ్చు మారింది,
ముందర రెండు రేకుల గదులు లేచినాయి,
అందుకే ఇల్లు ఆనవాలు పట్టలేదు నేను.
కానీ మోకాలెత్తున మొదలుపెట్టి
వాకిలి పైదాకా వంకరగా పాకే ఆ పగులు,
గోరు దూరేంత సన్నంది,
దాన్ని ఎట్లా మర్చిపోతా?
పదకొండేండ్ల కిందట, ముసురు పట్టిన వారం,
అప్పటి ఓనరు కూలి మీద మూడు వేలు వేసిచ్చి
"శనివారం పార్టీ వస్తా ఉండారు మునెయ్యా,
గోడ నున్నంగా ఉండాల" అన్నాడు.
రెండు చేతులు లప్పం పట్టించి
ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది
పైన లేత పసుపు రెండు కోట్లు.
ఆ మూడు వేలతో రాజమణికి చెవికమ్మలు కొన్నా.
ఇప్పుడూ అవే పెట్టుకోనుండాది.

ఇంటామె వళ్ళియమ్మ మజ్జిగ తెచ్చిచ్చింది.
"ఈ గోడలు జూసే మేము మనసుపడింది నాయనా.
మా ఆయన చేత్తో తడిమి
వెన్న మాదిరుండాదే అన్నాడు.
ఏమోగానీ, ముసురొస్తే చాలు
ఈడ చెమ్మ దిగతాది.
ఏటేటా రంగేపిస్తానే ఉండాం."
చెంగల్రాయుడు గట్టిగా దగ్గినాడు.
ఆమెకు ఆ దగ్గు అర్థం కాలేదు.

ఆ శనివారం పార్టీ ఈమేనా.

రాజమణి నా మోచేయి గిల్లి గుసగుసగా అడిగింది
"ఎంత తగ్గించమందాం?"
పగులు చూపిస్తే నాలుగు లక్షలు తగ్గతాది.
మూడు వేలకు దాచింది నేను,
నాలుగు లక్షలకు బయటపెట్టేదీ నేనేనా?
చూపకుండా కొంటేనో,
నా లప్పం కింద
నా బిడ్డ మంచం.

మజ్జిగలో ఉప్పు ఎక్కువైంది,
అయినా గ్లాసంతా తాగినా.
సంచీలో ఎప్పుడూ ఉండే లప్పం బ్లేడు తీసినా.

"అమ్మా, రేటు మాట తర్వాత.
ముందు ఈ గోడ ఒక జానెడు గీకుతా.
మీకొకటి చెప్పాల్సుండాది."
"ఏయ్ ఏయ్" అంటా లేచినాడు చెంగల్రాయుడు.

ఈ ఏటి గులాబి రాలింది.
దాని కింద నీలం, ఆకుపచ్చ,
మళ్ళా నీలం.
అట్టడుగున నా లేత పసుపు,
చెమ్మకు ఉబ్బి, చేప పొలుసు మాదిరి
నా కాళ్ళ మీదనే పడింది.

గోరు పెట్టి చూసినా.
వేలు దూరింది.